ఎర్ర కారూ, తడిబట్టల ప్రమాణమూ

మా సందులో వేసిన స్పీడ్ బ్రేకరు గురించి ఎవరికి మొరపెట్టుకోవాలో నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు. మదనపల్లెలో మా ఇల్లున్నది అంత వేగంగా దూసుకుపోదగ్గ సందేమీ కాదు, ఒక గేదె అడ్డంగా పడుకుంటే దాని నిద్ర తీరేదాకా రాకపోకలు ఆగిపోయే సందు. అయినా ఒకరోజు పొద్దున లేచి చూసేసరికి సరిగ్గా మా గేటు ముందు, పెద్ద గుమ్మడికాయను సగానికి కోసి బోర్లించినట్టు ఒక మిట్ట వెలసింది. దాన్ని ఎవరు వేశారో వీధిలో ఎవరికీ తెలియదు. వేయించింది మాత్రం నేనేనని అందరికీ తెలుసు. గేటు నాది కాబట్టి అనుమానం కూడా నాదే. మధ్యాహ్నం పూట కన్ను మూతపడే సమయానికి ఏదో ఒక మోటారు సైకిలు దాని మీద ఎగిరిపడుతుంది, దానివాడు నా ఇంటివైపు చూసి ఏదో అనుకుంటూ పోతాడు, నేను లేచి కూర్చుంటాను.

పోయినవారం అలాగే లేచి కూర్చున్నాను గానీ, ఈసారి వినిపించింది మోటారు సైకిలు చప్పుడు కాదు. ఇనుప చట్టితో బండరాయి మీద నిదానంగా గీసినట్టు ఒక గరగర, దాని వెనకే ఇంజను గుటక మింగినట్టు ఒక చిన్న మూలుగు. ఆ చప్పుడు విని ఇరవై ఏళ్లు పైబడింది, అయినా పోల్చుకున్నాను. నేలకు బాగా దగ్గరగా ఉండే కారు పొట్ట రాసుకుంటే తప్ప అలాంటి చప్పుడు రాదు. బయటికి వెళ్లి చూస్తే అదే. ఎర్రటి రంగు, రెండే తలుపులు, మోకాలెత్తు. పక్కవీధిలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేసే కుర్రవాడిది. చుట్టూ నలుగురు చేరారు. లీటరుకెంత ఇస్తుందని ఒకరు, నెల వాయిదా ఎంత పడుతుందని ఒకరు అడిగి ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు. ఇంత కారు నీకెక్కడిదిరా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. నాకెందుకో మనసు చివుక్కుమంది. కుర్రవాడి తరఫున కాదు, నా తరఫునే.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల మొదట్లో డిగ్రీ చేతికొచ్చినవాడికి ఉద్యోగం దొరకడమంటే దాదాపు తప్పిపోయిన పశువు దొరకడం లాంటిది, ఏ ఊళ్లో దొరికితే ఆ ఊరికి తాడు పట్టుకుని వెళ్లవలసిందే. నాది కుప్పంలో దొరికింది. అక్కడ గ్రానైటు రాళ్లకు మెరుగుపెట్టే ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా పని. కుప్పం జనం అప్పుడూ ఇప్పుడూ చమత్కారమైనవాళ్లే, మాట తమిళంలో మొదలుపెట్టి, మధ్యలో కన్నడంలో కోప్పడి, చివరికి తెలుగులో టీ తాగుదాం రమ్మంటారు. ఫ్యాక్టరీలో రాతిపొడి ఎంత పడేదంటే, పొద్దున కుర్రవాళ్లుగా వచ్చినవాళ్లం సాయంత్రానికి తలలు నెరిసి ఇంటికి వెళ్లేవాళ్లం.

ఆ రాతిపొడిలోకి ఒకరోజు మా ఓనరు స్నేహితుడు బెంగుళూరు నుంచి ఒక ఎర్ర కారులో దిగాడు. విదేశీ కారు. దాని కంపెనీ పేరు ఇప్పుడు చెప్పను, అప్పుడు చెప్పినా మావైపు ఎవరికీ నోరు తిరగలేదు. పైకప్పు గుడ్డది, విప్పి వెనక్కి మడిచేస్తే ఆకాశమే కప్పు. ఆయన రాళ్లు చూడటానికి లోపలికి వెళుతూ, మేకలు ఎక్కకుండా చూసుకోమని చుట్టూ చూసి, ఇస్త్రీ చొక్కా నాదొక్కడిదే కావడంతో నన్ను దాంట్లో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. కూర్చున్నాననడం కన్నా పడుకున్నాననడం సబబు. కాళ్లు ముందుకు చాచి, చేయి తలుపు మీదుగా కిందికి వేలాడేస్తే వేళ్లకు నేల తగిలింది. చిన్నప్పుడు ఎద్దులబండి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే దుమ్ము పాదాలకు తగిలేది చూడండి, అలాంటి తగలడం. లోపల వాళ్లు టీ తాగి వచ్చేలోగా నా జీవితంలో ఒక కోరిక ఖాయమైపోయింది. ఆయన వచ్చి దిగమంటే దిగాను. మేకలేవీ ఎక్కలేదని కూడా చెప్పాను.

అదే రోజుల్లో మా మేనేజరు నా మీద దయతోనో, తన కమిషను మీద ప్రేమతోనో, ఊరి చివర ఒక చిన్న ఇంటిస్థలం నాచేత బలవంతంగా కొనిపించాడు. ముళ్లకంపా, తొండలూ తప్ప అక్కడ ఇంకేమీ ఉండేవి కావు. నేను దాన్ని కొన్నవెంటనే మరిచిపోయాను. కొన్నేళ్లకు మా నాన్నకు ఒంట్లో బాగులేక పుంగనూరులో మండీ చూసుకోమని కబురొచ్చింది. రాతిపొడి దులుపుకొని చింతపండులోకి దిగాను.

పుంగనూరు చింతపండు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. వేసవి మొదలయ్యిందంటే ఆ వీధంతా పులుపే, జలుబు చేసినవాడికి కూడా వాసన తెలిసేది. రైతు గోనెసంచుల్లో పండు తెస్తాడు, మండీలో కాటా వేస్తారు, అంతవరకూ ఇనుము చెప్పే లెక్క. ఆ తర్వాత వచ్చేది తరుగు. పండులో తేమకూ, మిగిలిన గింజకూ, పీచుకూ ఇంత అని బరువులోంచి తీసేస్తారు. ఎంత తీయాలన్నది ఏ ఇనుమూ చెప్పదు, మండీవాడి చేయి చెప్పాలి. మా నాన్న సంచిలో చేయి పెట్టి ఒక గుప్పెడు పిసికి, ఒక మాట అనేవాడు. రైతు తల ఊపేవాడు. వ్యాపారమంతా ఆ అనడానికీ, ఈ ఊపడానికీ మధ్య ఉండేది.

తల ఊపేవాళ్లలో మొదటివాడు సదుం పెదనాయన. ఊరు సదుం, మాకు చుట్టం కాదు, మా నాన్నకు ఈడువాడు, ఆ పిలుపు అలా వచ్చింది. చుట్టుపక్కల చెట్ల కాపంతా ఆయన చేతి మీదుగానే వచ్చేది, ఆయన బండి ఏ మండీ ముందు ఆగితే సదుం వైపు బళ్లన్నీ అక్కడే ఆగేవి. ఆయనకొక అలవాటు ఉండేది. తన సంచులు తూకం వేస్తున్నంతసేపూ కాటావైపు వీపు పెట్టి, వక్క నములుతూ వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. అది ఆయన మర్యాద. మా నాన్న పోయాక మొదటి వేసవిలో ఆయన వచ్చి, మా నాన్న ముందు కూర్చున్నట్టే నా ముందు కూడా కాటాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నా డిగ్రీ పట్టా చేతికిచ్చిన రోజున కూడా నాకంత గౌరవం జరగలేదు.

రెండు వేలు దాటాక కుప్పంలో నా తొండల స్థలం చుట్టూ ఇళ్లు లేచాయి. ఎవరో వచ్చి అడిగారు, అమ్మాను. అమ్మిన కొద్ది రోజులకు బెంగుళూరులో అదే రకం కారు, ఎర్రదే, కాస్త వయసు మళ్లినది ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. అమ్మేవాడు కాఫీ తోటల ఆసామి, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కి దిగలేకపోతున్నానన్నాడు. నాకు ఆ కారణం మీద అనుమానం వచ్చి మూడోసారి కూడా వెళ్లి చూశాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మూలుగుతూ లేచి నాకు నమస్కారం పెట్టాక గానీ నమ్మకం కుదరలేదు. అనుమానించడంలో నేను కూడా ఈ జిల్లావాడినే కదా.

ఇక కొనడం తేలిక, కొన్నందుకు సంజాయిషీ చెప్పడం కష్టం. మా ఆవిడతో ఇది హాబీ అని చెప్పాను. హాబీ అంటే ఉద్యోగం దరఖాస్తుల్లో చివర ఒక గడి ఉంటుందే, పుస్తకాలు చదువుట, పాటలు వినుట అని రాసేవాళ్లమే, అది. ఆవిడ స్కూలు టీచరు, సాంతం విని, మీరు తాగరు, పేకాడరు, ఏదో ఒకటి లేకపోతే నాకే అనుమానంగా ఉండేది లెండి అని సంతకం పెట్టినంత పని చేసింది. మా మామగారికి మాత్రం హాబీ అని చెప్పే ధైర్యం చాలక, దాచుకున్న డబ్బు లాంటిదండీ, మళ్లీ అమ్మినా ధర వస్తుంది అన్నాను. మండీ గుమాస్తాకు, మదనపల్లె నుంచి పుంగనూరుకు రోజూ వచ్చిపోవడానికి బస్సు కన్నా సుఖమని చెప్పాను. ముగ్గురికీ మూడు నిజాలు చెప్పాను, అన్నీ నిజాలే. ముగ్గురూ ఒకసారి కలిసి మాట్లాడుకున్నారు, దాంతో మూడూ అబద్ధాలైపోయాయి. అందులోనూ నేను నోరు తెరిస్తే ఏదో ఒక చమత్కారం విసరడం అలవాటున్నవాడిని, నిజం చెప్పినా జనం చివర్లో నవ్వొస్తుందేమోనని కాచుకుని చూసేవారు.

బెంగుళూరు నుంచి తెస్తుంటే చెక్‌పోస్టు దగ్గరే సంగతి అర్థమైపోవలసింది. అక్కడి మనిషి కారు ముందుభాగం తెరవమన్నాడు. తెరిచాను. లోపల ఒక స్టెప్నీ, కొంచెం ఖాళీ.

"ఇంజను యాడ?"

"వెనకుంది."

ఆయన వెనక్కి వెళ్లి చూసి, మళ్లీ ముందుకొచ్చి, ఆ ఖాళీలో చేయి పెట్టి నాలుగు మూలలా తడిమాడు. ఎర్రచందనం కోసమని తర్వాత తెలిసింది.

"ఇంజను వెనకాల దాసిపెట్టి, ముందర యేం తోల్తాండావప్పా?"

ఏమీ లేదన్నాను. ఏమీ లేదన్నవాళ్లను ఆయన జీవితంలో చాలామందిని చూసి ఉంటాడు, నన్ను వదిలేశాడు గానీ నమ్మలేదు.

ఊళ్లో మొదట నవ్వారు. పుంగనూరు ఆవు పొట్టిదని లోకమంతా చెప్పుకుంటారు కదా, మండీ ముందు కారు ఆపితే ఒక ఆవు వచ్చి పక్కన నిలబడింది, కారే పొట్టిదని తేలింది. తర్వాత ఆలోచించారు. ఇద్దరే పట్టే కారు. పెళ్లాం పిల్లలు ఉన్నవాడు ఇద్దరే పట్టే కారు కొన్నాడంటే రెండో సీటు ఎవరికి? స్థలం అమ్మింది కుప్పంలో, అంతకుముందు బ్రహ్మచారిగా ఉన్నదీ కుప్పంలోనే. ఈ రెండు ముక్కలూ కలిపి కుట్టుకున్నవాళ్లు కొందరు. నేను మునిసిపల్ ఎన్నికలకు దిగుతున్నానని, ఊరేగింపు కోసమే కప్పు విప్పే కారు కొన్నానని మా మామగారు స్వయంగా నిర్ధారణ చేసుకున్నారు. ముళ్లకంప స్థలం అమ్మితే కారొచ్చిందన్న అసలు సంగతి నేను అడిగినవాళ్లందరికీ చెప్పాను. నిజంతో ఉన్న ఇబ్బందేమిటంటే, అది అబద్ధమంత బాగా అతకదు.

అయినా ఆ కొద్ది నెలల సుఖం గురించి అబద్ధం చెప్పను. తెల్లవారుతుండగా మదనపల్లెలో బయలుదేరి కప్పు విప్పేసుకుని పుంగనూరు దారిలో వెళుతుంటే, రోడ్డుకు రెండు వైపులా చింతచెట్లు ఉండేవి, ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసి కొట్టేశారు, వాటి కొమ్మలు పైన కలుసుకునేవి, నేను ఆ పచ్చని గొట్టంలోంచి నేలబారుగా, గొర్రెల మందల కళ్లకు సరిగ్గా ఎదురుగా వెళ్లేవాడిని. అంత వేగంగా వెళ్లగల కారును నేను ఎక్కువభాగం ఎద్దులబళ్ల వెనకే నడిపాను. దానికే గుండె నిండిపోయేది. సరుకు నాది, దారి నాది, కాసేపు కుప్పంలో ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాడిని కూడా నేనే. నేల వేళ్లకు తగిలేటట్టు కూర్చుని పనికి వెళ్లడమంటే ఏమిటో ఎవరికీ చెప్పుకోలేకపోయాను, చెప్పుకోగలిగితే ఈ గొడవంతా ఉండేది కాదేమో.

ఉగాది దాటాక మా ఆవిడ, కొత్త బండికి పూజ చేయించకుండా తిప్పుతున్నారు, అందుకే ఇన్ని దిష్టి మాటలు, కాణిపాకం వెళ్దాం అంది. సరేనన్నాను. ఆవిడ పట్టుచీర, నేను తెల్లపంచె. మొగిలి ఘాట్ దిగుతుండగా ఎక్కడినుంచో ఎండాకాలపు వాన పట్టుకుంది. కారు ఆపి కప్పు వేద్దామని లాగితే సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఇద్దరం చెరొకవైపు వేలాడినా అది కదల్లేదు. చేసేది లేక అలాగే నడిపాను. ఆ వాన సరిగ్గా మా ఇద్దరి కోసమే కురిసి, గుడి గోపురం కనిపించగానే వెలిసింది.

చిత్తూరు జిల్లావాళ్లకు ఇక్కడ ఏమీ విడమరిచి చెప్పనక్కరలేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తే దానికి మావైపు తిరుగులేదు. పొలం గట్టు తగాదా కానీ, దొంగతనం కానీ, మొగుడూ పెళ్లాల అనుమానం కానీ, ఎవరూ తేల్చలేనిది అక్కడ తేలుతుంది. ప్రమాణం చేసేవాడు తలమీద నీళ్లు పోసుకొని తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి, వెలుగుతున్న కర్పూరం మీద చేయిపెట్టి చెప్పాలి. తడిబట్టలతో నిలబడినవాడిని ఎవరూ పలకరించరు.

ఇప్పుడు మమ్మల్ని ఊహించుకోండి. నేను నిలువెల్లా తడిసి, గజగజ వణుకుతూ నిలబడ్డాను. పక్కన మా ఆవిడ పాడైపోయిన పట్టుచీరతో, నావైపు చూడకుండా, పెదవులు బిగించి నిలబడింది. పూజారి హారతి పళ్లెం తెచ్చారు. ఎంత చలేసిందంటే, అందరిలా చేయి చూపి కళ్లకద్దుకోకుండా, ఆ కర్పూరం వెచ్చదనానికి రెండు అరచేతులూ మంట మీద కొంచెం ఎక్కువసేపే పెట్టాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా సదుం పెదనాయన అల్లుడు, కొత్త ట్రాక్టరు పూజకు వచ్చినవాడు, పూలదండ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను నవ్వాను. అతను ఎంతో మర్యాదగా తల తిప్పుకున్నాడు.

పలమనేరులో ఆగి వేడి టీ తాగి, బట్టలు కాస్త ఆరనిచ్చి పుంగనూరు చేరాం. నేను నడిపింది ఆ దారిలో అన్నిటికన్నా వేగంగా వెళ్లగల కారు, అయినా వార్త బస్సులో మాకన్నా ముందే దిగి ఉంది. మండీ గుమాస్తా గుమ్మంలోనే ఎదురొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ప్రమాణం బాగా జరిగిందా అన్నా?"

"యేం ప్రమాణం? పూజకు పోయింటిమి."

"అట్లనే అందామన్నా. అడిగినోళ్లకంతా పూజ అనే సెప్తా."

సాయంత్రానికి ఎవరి అనుమానానికి తగ్గ ప్రమాణం వాళ్లు నాచేత చేయించేశారు. కుప్పం కథ కుట్టుకున్నవాళ్లు, పెళ్లామే జుట్టుపట్టి తీసుకెళ్లి ప్రమాణం చేయించిందన్నారు. రైతులు మాత్రం ఒకే మాట అనుకున్నారు. మండీవాడు ప్రమాణం చేశాడంటే అది తరుగు గురించే, ఆ కారు వచ్చిందీ తరుగులోంచే. ఎవరో నిలదీసి ఉండాలి. ఎవరూ నిలదీయకుండానే చేశాడంటే అది మరీ అనుమానం.

నేను చేయలేదని చెప్పవచ్చు కదా అని మీరనవచ్చు. చెప్పాను. ప్రమాణం చేయలేదని చెప్పుకుంటూ తిరిగేవాడిని మీరెప్పుడైనా చూశారా? చేయడానికి భయపడ్డాడన్నమాట అని ఒక కొత్త శాఖ మొలిచింది. చివరికి నామీద నాకే నమ్మకం సడలి, ఒకరోజు పొద్దున్నే కాటా రాళ్లన్నీ నేనే సరిచూసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంత సరిగ్గా ఎందుకున్నాయా అని దానిమీదా కాసేపు ఆలోచించాను.

ఆ వారం సదుం పెదనాయన సంచులతో వచ్చాడు. ఎప్పటిలాగే బల్ల మీద కూర్చున్నాడు, వక్క నోట్లో వేసుకున్నాడు. మొదటి సంచి కాటా మీదికి ఎక్కింది. ఆయన వీధివైపు నుంచి నిదానంగా ఇటు తిరిగి, కాటా ముల్లువైపు చూశాడు. చివరి సంచి దిగేదాకా అలా చూస్తూనే ఉన్నాడు. నేను సంచిలో చేయిపెట్టి పిసికి, మా నాన్న అనే మాటకన్నా తక్కువ తరుగే అన్నాను. అది ఇంకా పెద్ద పొరపాటని నోట్లోంచి వచ్చాక తెలిసింది. ఇన్నాళ్లు ఎక్కువ తీశావా అన్నట్టు ఆయన నా మొహంలోకి చూసి, తల ఊపకుండా లేచి వెళ్లిపోయాడు. పైవారం ఆయన బండి రాలేదు. సదుం వైపు బళ్లేవీ రాలేదు. మండీ ముందు కారు, పక్కన ఆవు, అంతే.

నష్టం సంగతి అలా ఉంచండి, వ్యాపారమన్నాక ఒక ఏడు ఎండుతుంది. మా నాన్న గుప్పెడు పిసికి అన్న మాటల మీద కూడా ఇప్పుడు అనుమానం పడుతుందే అన్నది నన్ను తినేసింది. ఉండబట్టలేక సదుం వెళ్లాను. వెళ్లిందీ ఆ కారులోనే. అంత చదువుకున్నవాడికి బస్సొకటి ఉందని తోచలేదు. వాళ్ల వీధిలోకి తిరిగే చోట బళ్ల చక్రాలు చేసిన రెండు గాళ్ల మధ్య గట్టుంటుంది కదా, దానిమీద కారు పొట్ట పెట్టుకుని కూర్చుండిపోయింది. గరగరమని ఆ చప్పుడు అప్పుడే మొదటిసారి విన్నాను. ఊరివాళ్లే నలుగురొచ్చి, నన్ను దిగమనకుండానే, కారుతో సహా ఎత్తి పక్కన పెట్టారు. పెదనాయన అరుగు మీదినుంచి ఇదంతా చూశాడు.

"రా అప్పా. నీకు బండి అంటే, దాన్ని మోసేదానికి మనుసులు గూడా పెట్టుకోవల్ల."

కూర్చున్నాను. స్థలం సంగతి, వాన సంగతి, బిగుసుకుపోయిన కప్పు సంగతి అన్నీ చెప్పాను. అన్నీ విన్నాడు.

"కప్పు లేని కారా? కప్పుండే కార్లు యాడా దొరకలేదా నీకు?"

"హాబీ పెదనాయనా. మనసుకు బాగుంటుందని."

"మనసుకు బాగుండేదానికి కారు యాల? పండు బాగా రాలితే నాకు బాగుంటుంది."

"నామీద అనుమానముంటే కాణిపాకం పోదాం రా. నీ ఎదురుగానే ప్రమాణం చేస్తా."

ఆయన వక్క ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఒక తూరి సేసొచ్చినోడివి. మళ్లా యాలప్పా, దేవుడికి యేమీ పనిలేదా?"



నెల తిరగకుండా కారు అమ్మేశాను. బెంగుళూరులో సినిమా షూటింగులకు బళ్లు అద్దెకిచ్చే ఒకాయన తీసుకున్నాడు. ఎందుకు అమ్ముతున్నావని అడిగితే మోకాళ్ల నొప్పులన్నాను. ఆయన నన్ను రెండుసార్లు లేపి కూర్చోబెట్టి చూశాడు. మా ఆవిడ ఆ రోజు నేనడక్కుండానే వడలు చేసింది. మర్నాడు బస్సెక్కి సదుం వెళ్లి, పెదనాయనా, కారు అమ్మేశాను అని చెప్పాను. ఆయన లోపలికి కేకేసి రాగిసంగటి పెట్టించాడు. కారు గురించి గానీ తరుగు గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు. తిన్నాక బస్సు దాకా తోడొచ్చాడు.

మరుసటివారం సదుం బండి మండీ ముందు ఆగింది. సంచులు కాటా ఎక్కాయి. పెదనాయన బల్ల మీద కూర్చుని, కాటావైపు వీపు పెట్టి, వక్క నములుతూ వీధిలోకి చూశాడు. నేను గుప్పెడు పిసికి మా నాన్న అనే మాటే అన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మాడు అనుకున్నాను. ఒక మనిషిని నమ్మించడానికి ఒక కారు పోయిందంటే అది ధర తక్కువేనని, ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆ దారిన బస్సులో వచ్చిపోతూ, చింతచెట్లు ఉన్నన్నాళ్లు వాటిని చూస్తూ, లేనప్పుడు అవి ఉండే చోట్లు చూస్తూ, నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఇప్పుడు మండీ వదిలేసి ఇంటిపట్టున ఉన్నాను. పక్కవీధి కుర్రవాడి కారు చూశాక మనసాగక మొన్న సదుం వెళ్లొచ్చాను. పెదనాయనకు చూపు ఆనడం లేదు, మాట మాత్రం అలాగే ఉంది. మనవడు వాకిట్లోనే అంకెలు మెరిసే కాటా పెట్టుకుని, ఫోనులో ధర చూసి, మొహం కూడా తెలియని వాడెవడికో పండు అమ్ముతున్నాడు. తరుగు ఎంతో కూడా ఫోనే చెబుతుందట. ఎవరూ ఎవరికీ వీపు పెట్టనక్కరలేదు, మొహం తిప్పనక్కరలేదు. ఆ కుర్రవాడిని మా వీధిలో ఎవరూ అనుమానించకపోవడం నాకెందుకు అంత గుచ్చుకుందో అక్కడ కూర్చున్నాక తెలిసింది. అనుమానించాలంటే అంతకుముందు ఒకసారి నమ్మి ఉండాలి, ఆ ఓపిక ఇప్పుడెవరికుంది? నన్ను ఊరు ఊరంతా అనుమానించింది, తలుచుకుంటే అదొక వైభోగం.

ఈ ధోరణిలోనే ఏదో చెబుతూ, ఏమైనా నువ్వొక్కడివి నన్ను నమ్మావు పెదనాయనా, అది చాలు అన్నాను. ఆయన మసకబారిన కళ్లు నావైపు తిప్పి, కొంచెం ఆశ్చర్యంగా, కొంచెం ముద్దుగా అన్నాడు.

"నమ్మేదేందప్పా? తరుగులో కొట్టేసినోళ్లు ఈ జిల్లాలో శానామంది ఉండారు. తప్పు ఒప్పుకొని కారు అమ్ముకున్నోడివి నువ్వొక్కడివే. దానికే కదా, మళ్లా పండు నీ కాడికే తెచ్చింది."